ఆ కెమెరా ఎవరి పక్షం?

భోగికి రెండు రోజుల ముందు తెనాలిలో మా మేనత్త ఇంటికి చేరాను. మర్నాడు పొద్దున్నే అరిసెలు. నానిన బియ్యం వడేసి, తడి ఆరకముందే మరపట్టించి, పిండిని గిన్నెలో అదిమి తడిబట్ట కప్పి ఉంచింది అత్త. పొయ్యి మీద బెల్లం కరుగుతోంది. నాకు నువ్వులు బాగుచేసే పని ఇచ్చింది.

అత్త హైస్కూల్లో సోషల్ టీచరుగా రిటైరైంది. హ్యూస్టన్‌లో కూతురి దగ్గర ఆరు నెలలు ఉన్నప్పుడు ‘క్రిషా’ అనే సినిమా చూసింది. నన్నూ చూడమని నెల రోజులుగా ఫోన్లో పోరుతోంది. ముందురాత్రి చూశాను. కోపంతో నిద్ర పట్టలేదు. ఆ కోపమంతా పొద్దున్నే వంటింట్లోకి మోసుకొచ్చాను. మా ఇద్దరి మాటలు గుర్తున్నంత మేరకు రాస్తున్నాను. నేను ఓడిపోయిన చోట్లు కూడా తీసేయలేదు.

నేను: పండగ ముందు చూడాల్సిన సినిమానా అత్తా అది? అరవై దాటిన ఆడమనిషి, ఏళ్ల తర్వాత చెల్లెలింటికి వస్తుంది. ఆ రోజు థాంక్స్‌గివింగ్, అమెరికా వాళ్లకి పెద్ద పండగ. తాగుడు మానేశానంటుంది. అందరికీ టర్కీ కోడి నేనే వండుతానంటుంది. సాయంత్రానికి మళ్లీ తాగుతుంది. కోడి నేలపాలు, పండగ నేలపాలు. చివరికి కన్నకొడుకు కూడా అమ్మగా ఒప్పుకోడు. అయిపోయింది. ఏముంది అందులో?

అత్త: ఇంత వరసగా చెప్పావంటే కళ్లార్పకుండా చూశావన్నమాట.

నేను: చూశాను కాబట్టే అడుగుతున్నా. మనకీ ఉంది సంక్రాంతి సినిమా. 2017లో ‘శతమానం భవతి’ వచ్చింది. ప్రకాశ్ రాజ్, జయసుధ. విదేశాల్లో ఉన్న పిల్లలు పండక్కి రావడం లేదని, విడాకులు తీసుకుంటున్నామని చెప్పి రప్పిస్తాడు తండ్రి. అందులోనూ కష్టం ఉంది, అలకలున్నాయి. కానీ ఇంటికొచ్చిన వాళ్లు ఒకళ్లనొకళ్లు కలుపుకునే వెళ్లారు. జాతీయ అవార్డు కూడా వచ్చింది.

అత్త: నేనూ చూశాను. ఏడ్చాను కూడా. దాన్ని తక్కువ చేసి మాట్లాడను. అందులో పిల్లల తప్పు రాకపోవడం. వస్తే ఆ తప్పు తీరిపోతుంది. మరి కొందరున్నారు నాన్నా, వాళ్లు రావడమే ఇంటికి భయం. గేటు చప్పుడైతే ఆడవాళ్లు బీరువా తాళం ఎక్కడుందో చూసుకుంటారు. అలాంటి మనిషి పండక్కొస్తే ఏమవుతుందో మన సినిమా ఎప్పుడైనా చూపించిందా? మన సినిమాల్లో తాగుబోతు బాబాయి కామెడీకి వస్తాడు, లేకపోతే రెండో సగంలో చచ్చిపోతాడు.

నేను: చూపించకపోవడానికి కారణం లేకపోలేదు. ఇంటిగుట్టు ఎవరు రట్టు చేసుకుంటారు? వీడు చేసుకున్నాడు. సినిమా అయ్యాక వీడి గురించి చదివాను. దర్శకుడు ట్రే ఎడ్వర్డ్ షల్ట్స్. సినిమా వచ్చేనాటికి ఇరవయ్యారేళ్లు. క్రిషాగా వేసింది వాడి సొంత పిన్నో పెద్దమ్మో, పేరు కూడా క్రిషాయే, క్రిషా ఫెయిర్‌చైల్డ్. చెల్లెలుగా వేసింది వాడి కన్నతల్లి రాబిన్. ముసలావిడగా వాళ్ల అమ్మమ్మ బిల్లీ. కొడుకుగా తనే. తీసింది టెక్సస్‌లో సొంతింట్లో. మనం పెళ్లి వీడియో తీసుకున్నట్టు ఇంటిల్లిపాదినీ పోగేసి తీసి, ప్రపంచానికి టికెట్టు పెట్టాడు.

అత్త: అప్పుడు ఇదీ చదివే ఉంటావు. 2012లో ఒకసారి ఇదే కథ మొదలుపెట్టాడు. కుదరలేదు. చేతికొచ్చిన ముక్కల్ని కూర్చి చిన్న సినిమా చేశాడు. దాన్ని 2014లో ఆస్టిన్‌లో జరిగే సౌత్ బై సౌత్‌వెస్ట్ ఉత్సవంలో వేశారు. ఆ తర్వాత జనం దగ్గర కిక్‌స్టార్టర్‌లో పద్నాలుగు వేల డాలర్ల దాకా పోగుచేసి, ఇంట్లోవాళ్లవీ తనవీ కలిపి, తొమ్మిది రోజుల్లో పెద్ద సినిమా పూర్తిచేశాడు. 2015లో అదే ఉత్సవంలో జ్యూరీ పెద్ద బహుమతీ ఇచ్చింది, ప్రేక్షకుల బహుమతీ దానికే. తర్వాత ఏడాది జాన్ కసావెటీస్ అవార్డు. అప్పట్లో ఐదు లక్షల డాలర్ల లోపు తీసిన సినిమాలకిచ్చేవారు. వీడి ఖర్చు అందులో పదో వంతు కూడా లేదు.

నేను: డబ్బు లేకపోవడం గొప్పా?

అత్త: గొప్పని కాదు. లేనందువల్ల ఏం దొరికిందో చూడమంటున్నా. ఇల్లు అద్దెకు తెచ్చింది కాదు. ఆ మెట్ల మీద చెయ్యి ఎక్కడ పెట్టాలో, ఏ అల్మారాలో ఏముందో ఆ మనుషులకి తెలుసు. కంచరపాలెం సినిమా చూసి నువ్వే కదూ ఫోన్ చేశావు, ‘అత్తా, ఆ ఊరి వాళ్లే వేశారట, అందుకే అంత నిజంగా ఉంది’ అని? 2018లో వచ్చిన ఆ సినిమాకి మెచ్చుకున్న గుణమే దీనికి తప్పయిందా?

(ఇక్కడ అత్త లేచి పాకం చూసింది. పళ్లెంలో చల్లనీళ్లు పోసి ఒక చుక్క వేసింది. పరుచుకుపోయింది. ఇంకా రాలేదంది.)

నేను: సరే, డబ్బు సంగతి వదిలేయ్. నా అసలు బాధ వేరు. ఆ కెమెరా తాగే మనిషి పక్షాన ఉంది. మొదటి నుంచీ ఆమె మొహమే. ఆమె నడుస్తుంటే వెనకాలే కెమెరా. వంటింట్లో మిక్సీ చప్పుడు, కుక్కల అరుపులు, పక్కగదిలో కుర్రాళ్ల గోల, అన్నీ ఆమె తలలో మోగినట్టే మనకీ మోగుతాయి. ఆ సంగీతం, బ్రయన్ మెకోంబర్ అట, గిన్నెలూ డబ్బాలూ ఎవరో విసిరికొడుతున్నట్టుంది. చివరికొచ్చేసరికి తెర కూడా ఇరుకైపోయి, చతురస్రంలా అయి, ఆమె ఊపిరాడనట్టు మనకీ ఆడదు. మరి మిగతావాళ్లు? ఏళ్ల తరబడి భరించినవాళ్లు? ఆ పిల్లాణ్ణి పెంచిన చెల్లెలు? వాళ్లకి దక్కింది వీపులూ గుసగుసలూ. నేను ఆ వీపుల వైపు మనిషిని అత్తా. మన ఇంట్లో ఒకడు తాగితే అప్పు తీర్చింది మా నాన్న. నాయనమ్మ గొలుసు పోయింది. నా స్కూలు ఫీజు కట్టాల్సిన రోజున మా అమ్మ గాజులు కుదవపెట్టింది. మా మీద ఎవరైనా గంటన్నర కెమెరా పెట్టారా?

అత్త కాసేపు మాట్లాడలేదు. నేనూ ఊరుకున్నాను. బాబాయి పేరు ఎత్తకుండా బాబాయి గురించి మాట్లాడడం మా ఇంట్లో అందరికీ అలవాటే.

అత్త: ఆ కెమెరా అక్కడ పెట్టిందెవరు?

నేను: దర్శకుడు.

అత్త: దర్శకుడు కథలో ఎవరు?

నేను: కొడుకు.

అత్త: కథలో అన్యాయం జరిగిందెవరికి? కొడుక్కే. బయటా అంతే. వాళ్ల నాన్న తాగుడుకీ మత్తుమందులకీ అలవాటుపడి దూరమయ్యాడు. తండ్రీకొడుకులకి ఏళ్ల తరబడి మాటల్లేవు. తండ్రి పోయేముందు వెళ్లి పక్కన కూర్చున్నాడట. వాళ్ల దగ్గరి బంధువొకావిడ ఇలాంటి కుటుంబ కలయికకే వచ్చి, మళ్లీ మత్తులో పడి, కొన్నాళ్లకే పోయింది. అక్కణ్ణించి పుట్టిన కథే ఇది. నువ్వన్న వీపుల వైపు మనిషేరా ఆ అబ్బాయి కూడా. తన బాధ చెప్పుకోవాలంటే ఎంతసేపు? కెమెరా తన వైపు తిప్పుకుంటే చాలు, నువ్వూ నేనూ వాడి మీద జాలిపడేవాళ్లం. అలా చేయలేదు. తనని ఏడిపించిన మనిషి కళ్లలోంచి ఆ ఇల్లు ఎలా కనపడుతుందో చూడాలనుకున్నాడు. తనకి నాలుగు మాటలు ఉంచుకుని మిగతాదంతా ఆమెకిచ్చాడు. బాధపెట్టిన వాళ్లకి బాధపడినవాడు తన కళ్లు అరువిచ్చాడు. నేను ముప్ఫై ఏళ్లు పాఠాలు చెప్పాను, ఆ పని చేసినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టాను.

నేను: అంటే క్షమించమంటున్నాడా?

అత్త: ఎక్కడ క్షమించాడు? ఆమెను కాపాడే సీను ఒక్కటి చూపించు. అబద్ధమాడుతుంది, అదీ చూపించాడు. సీసా దొంగతనంగా బాత్రూములోకి పట్టుకెళ్తుంది, అదీ చూపించాడు. క్షమించకుండా దగ్గరగా చూడొచ్చు అల్లుడూ. మనకి ఆ రెండూ ఒకటే అనిపిస్తాయి. అందుకే దగ్గరికి వెళ్లం.

నేను దీనికి వెంటనే జవాబివ్వలేకపోయాను. ఇప్పటికీ నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ అప్పుడు మాట మార్చి, కోడి దగ్గరికెళ్లాను.

నేను: ఆ కోడి సీను మాత్రం మరీ ఎక్కువ. అంత పండగ వంటకం, అంత పెద్ద పక్షి, ఆమె చేతిలోంచే జారిపడాలా? ముందే తెలుస్తూనే ఉంది పడుతుందని.

అత్త: తెలుస్తూనే ఉంది కదూ? ఆ ఇంట్లోవాళ్లకీ తెలుసు. అదే చూడమంటున్నా. నువ్వు అమెరికాలో ఆ పండగ చూడలేదు. నవంబరు నాలుగో గురువారం. మా అమ్మాయి వాళ్ల వీధిలో ఇళ్లన్నీ ఒక్క అచ్చులో పోసినట్టుంటాయి. మొదట్లో నేనే రెండుసార్లు పక్కింటి గంట కొట్టాను. సినిమా మొదట్లో క్రిషా అదే కదా చేస్తుంది? కారు తలుపులో గౌను అంచు ఇరుక్కుంటుంది, తనలో తను తిట్టుకుంటూ పెట్టె ఈడ్చుకుంటూ వేరే ఇంటికెళ్లి, మళ్లీ గడ్డిలో అడ్డంపడి అసలింటికి వస్తుంది. ఒక్క షాటులో తీశాడు, మధ్యలో ఎక్కడా కత్తిరించలేదు. సొంత చెల్లెలి ఇల్లు గుర్తుపట్టలేనంత కాలం దూరంగా ఉందని ఒక్క డైలాగు లేకుండా చెప్పేశాడు.

ఇక కోడి. టర్కీ అంటే మన కోడిలా ముప్పావుగంట పని కాదు. ఒక్కొక్కటి ఏడెనిమిది కిలోలుంటుంది. గంటలు గంటలు ఓవెన్‌లో ఉంచాలి, మధ్యమధ్య రసం పోయాలి, లోపల ఉడికిందో లేదో థర్మామీటరు గుచ్చి చూడాలి. ఆ రోజు ఇల్లంతా దాని చుట్టూనే తిరుగుతుంది. అలాంటి పని ఆమెకిచ్చారు. ప్రేమతోనే ఇచ్చారనుకో. కానీ గది దాటిన ప్రతివాళ్లూ ఒక కన్ను ఓవెన్ మీద వేసే వెళ్తారు. పని ఇచ్చినట్టే ఇచ్చి పరీక్ష పెట్టారు. పరీక్ష పెట్టామని వాళ్లకీ తెలీదు. ఆమెకి మాత్రం తెలుసు. చూపుడువేలికి కట్టు, చేతులు వణుకుతుంటాయి, ఆ చేతుల్తో ఆ పెద్ద పక్షి కడుపులో మసాలా కూరుతుంది. ఆ చేతులు చూస్తుంటే నాకు బెల్లం గుర్తొచ్చింది.

నేను: ఏ బెల్లం?

అత్త: నీకు పదేళ్లప్పటి సంక్రాంతి. మీ బాబాయి వచ్చాడు చూడు, ఆరేళ్ల తర్వాత.

నేను: గుర్తుంది. బజారుకెళ్లి తాగొచ్చాడు. అన్నం తినకుండా వెళ్లిపోయాడు. నాన్న రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

అత్త: తాగి రాలేదురా.

(అత్త ఈ మాట పొయ్యి వైపు చూస్తూ చెప్పింది.)

అత్త: పాకానికి బెల్లం చాలలేదు. అమ్మ వాడికి వంద కాగితం ఇచ్చి రెండు కిలోలు తెమ్మంది. ఇచ్చేటప్పుడు మీ నాన్నకేసి చూసింది, మీ నాన్న నాకేసి చూశాడు. అరగంటలో రావాలి, గంట దాటింది. వచ్చాడు. రెండు కిలోలూ తెచ్చాడు, మిగిలిన చిల్లర కూడా పొట్లం మీద పెట్టి ఇచ్చాడు. గుమ్మంలోకి రాగానే అమ్మ పొట్లం అందుకుంటున్నట్టు ముందుకి వంగి వాసన చూసింది. వెనకాలే మీ నాన్న, భుజం మీద చెయ్యేసినట్టు వేసి వాసన చూశాడు. నేను మంచినీళ్లు ఇచ్చే వంకన దగ్గరికెళ్లాను. మూడోదాన్ని నేనే. వాడు మా ముగ్గుర్నీ చూశాడు. నీళ్లు తాగి గ్లాసు కింద పెట్టాడు. ‘కొట్లో రద్దీగా ఉంది’ అన్నాడు. చెప్పులేసుకుని వెళ్లాడు.

నేను: ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు?

అత్త: ఏమని చెప్పను? వాడు తాగివచ్చాడని మీ ఇంట్లో ఎవరూ పిల్లలతో చెప్పలేదు. మీరే అనుకున్నారు. తాగలేదని చెప్పాలంటే మేం వాసన చూసిన సంగతి చెప్పాలి.

నేను: అత్తా, వాసన చూశారంటే ఊరికే చూశారా? అంతకుముందు పదిసార్లు నమ్మి మోసపోయారు కాబట్టి చూశారు. గొలుసు పోయినప్పుడు కూడా వాడు తీయలేదనే అన్నాడుగా. నమ్మనందుకు మనల్ని దోషుల్ని చేస్తే నేనొప్పుకోను.

అత్త: చేయడం లేదు. ఆ సినిమా కూడా చేయలేదు. చెల్లెలు రాబిన్ ఒక్క కానిమాట కూడా అనదు. మరిదో ఎవరో, డోయిల్ అని, పెరట్లో కూర్చుని క్రిషాని నవ్వుతూ నవ్వుతూ కోసేస్తాడు. అదీ వాడి బాధే. ఆ ఇంట్లో చెడ్డవాళ్లు లేరు. ఎవరూ చెడ్డవాళ్లు కాకుండానే ఒక మనిషి సాయంత్రానికి నేల మీద పడింది. ఎలా పడిందో తెలుసుకోవాలంటే ఆమె పక్కన నడవాల్సిందే. మన పక్కన నిలబడి చూస్తే ‘మళ్లీ తాగింది’ అన్నది తప్ప ఏమీ కనపడదు. మనకది ముందే తెలుసు.

నేను: సరే, ఒక మెట్టు దిగుతాను. ఇంకోటి మాత్రం దిగను. అమ్మమ్మ.

అత్త: అనుకున్నాను అడుగుతావని.

నేను: ఆ ముసలావిడకి నిజంగానే మతిమరుపు జబ్బు. సినిమా తీస్తున్నారన్న సంగతి ఆవిడకి తెలియదు. కుర్చీలో కూర్చోబెట్టి, క్రిషాని ఎదురుగా కూర్చోబెట్టి తీశారు. కూతుర్ని గుర్తుపడుతుందా లేదా అని మనం ఊపిరి బిగబట్టి చూస్తాం. అది నటన కాదు. ఆవిడ అనుమతి ఎవరిచ్చారు? క్రిషా ఒప్పుకుంది, అమ్మ ఒప్పుకుంది, తను ఒప్పుకున్నాడు. ముగ్గురూ తెలిసి చేశారు. నాలుగో మనిషికి తెలియదు. నీ సొంత అవమానం అమ్ముకో, నేను కాదనను. అమ్మమ్మ మతిమరుపు నీది కాదు.

అత్త: మా అమ్మ చివరి ఏడాది అంతా మీరు సెల్‌ఫోన్లో తీయలేదా? ‘నాయనమ్మా, నేనెవర్ని చెప్పు’ అంటూ?

నేను: తీశాం. మనం చూసుకోవడానికి తీశాం. కేన్స్‌లో వేయడానికి కాదు. వీడిది అక్కడా వేశారు, 2015లో, విమర్శకుల వారంలో.

అత్త: ఆ సీన్లో ఆవిణ్ణి చూసి నవ్వే చోటు ఒక్కటి లేదు. ఆవిడ మొహం అంత ముద్దుగా ఎవరు తీస్తారు, మనవడు కాబట్టి తీశాడు.

నేను: ముద్దుగా తీయడం అనుమతి కాదు అత్తా.

అత్త గరిటె పక్కన పెట్టింది. కాసేపాగి, ‘అది నిజం’ అంది. ఆ ఒక్కచోట నా మాట నిలబడింది. ఇప్పటికీ నా తీర్పు అదే. క్రిషాగా వేసినావిడ ఎంత తెగించి తన మొహాన్ని కెమెరాకి ఇచ్చిందో, ఛాయాగ్రాహకుడు డ్రూ డేనియల్స్ ఆ మొహం మీద కెమెరాని ఎంత ఓపిగ్గా నిలబెట్టాడో చూస్తే దండం పెట్టాలనిపిస్తుంది. అమ్మమ్మ సీను వచ్చేసరికి మాత్రం చూడకూడనిదేదో చూస్తున్నట్టు తల తిప్పుకున్నాను. తప్పకుండా చూడమని చెప్పే సినిమాలో కూడా ఒప్పుకోలేని సీను ఒకటి ఉండొచ్చు. ఇందులో ఉంది.

మిగతా వాదనలో అత్తదే పైచేయి. నాకు జరిగిన నష్టం నిజమే. గొలుసు నిజం, గాజులు నిజం. ఆ నష్టమే నన్ను ఇన్నేళ్లు ఒక్క వైపే నిలబెట్టిందని మాత్రం ఆ పొద్దున తెలిసింది. నాకంటే పదేళ్లు చిన్నవాడు, నాలాంటి ఇంట్లోంచే వచ్చినవాడు, ఇరవయ్యారేళ్లకే అటు వెళ్లి నిలబడి చూశాడు. తొమ్మిది రోజుల్లో, కన్నతల్లినీ ఆమె తోబుట్టువునీ ఒప్పించి, సొంత వంటింట్లో. పెద్ద డబ్బుంటే పెద్ద నటులొచ్చేవారు, పెద్ద నటులుంటే ఆఖర్న ఒక కౌగిలింత రాయాల్సి వచ్చేది. అది రాయనవసరం లేకపోవడమే ఆ చిన్న ఖర్చు కొనిపెట్టిన స్వేచ్ఛ.

అత్త మళ్లీ నీళ్లలో చుక్క వేసింది. ఈసారి వేళ్ల మధ్య మెత్తటి ఉండ అయింది. పిండి పోయమంది. నేను పోస్తుంటే తను కలుపుతూ, ఎటో చూస్తూ అడిగింది.

అత్త: ఇంతకీ నెల రోజుల్నించీ నిన్నెందుకు పోరానో అడగలేదేం?

నేను: ఎందుకు?

అత్త: కనుమకి వాణ్ణి రమ్మన్నాను. వస్తానన్నాడు.

మీ ఇంట్లో కూడా అలా రావాల్సిన మనిషి ఒకరుంటే, ‘క్రిషా’ని పండగ అయ్యాక కాదు, పండక్కి ముందే చూడండి. నిడివి 83 నిమిషాలు. ఇంట్లో ఇంకొకరిని పక్కన కూర్చోబెట్టుకుని చూడండి. అయ్యాక దెబ్బలాడుకోండి.

కనుమ నాడు బాబాయి మధ్యాహ్నం బస్సుకి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు విడిచాడు. అందరితో పాటు కూర్చుని భోంచేశాడు. అరిసెలు పొట్లం కట్టిస్తే పట్టుకుని, సాయంత్రం ఆరింటి బస్సుకి వెళ్లాడు.